పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: విశ్వవిద్యాలయంలో ఏఐ పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలి?

ఉన్నత విద్యలో కృత్రిమ మేధ (ఏఐ) వాడకం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో విశ్వవిద్యాలయాల నిర్వహణకు సంబంధించినవాటిని ఈ సంచికలో తీసుకున్నాము. ఒకే సందేహం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కుదించాము. పంపినవారి పేర్లు వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: కృత్రిమ మేధపై విధానం రూపొందించడానికి మా విశ్వవిద్యాలయంలో పదహారు మందితో కమిటీ వేశారు. నేను దానికి సభ్య కార్యదర్శిని. ఇప్పటిదాకా జరిగిన సమావేశాల్లో కొందరు పూర్తిగా నిషేధించాలని, మరికొందరు అందరికీ చాట్‌జీపీటీ చందా కట్టాలని వాదిస్తున్నారు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?
— రిజిస్ట్రార్ కార్యాలయ అధికారి, కోస్తాంధ్ర

విధాన పత్రాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి ముందు ఒక రిజిస్టరు తెరవండి. కృత్రిమ మేధ మీ ప్రాంగణంలో ఇప్పటికే ఎక్కడెక్కడ వాడుకలో ఉందో తెలియకుండా దాన్ని నిషేధించాలా, ప్రోత్సహించాలా అని వాదించుకుంటే మినిట్సు పుస్తకం నిండుతుంది తప్ప పని జరగదు. ప్రవేశాల విభాగం వెబ్‌సైటులో సందేహాలకు బదులిచ్చే చాట్‌బాట్ ఉండవచ్చు. గ్రంథాలయం ఎప్పుడో కొన్న సాఫ్ట్‌వేరులోకి ఏఐ రాతను గుర్తించే సాధనం ఏదో అప్‌డేటుతో పాటు వచ్చి చేరి ఉండవచ్చు. ఆన్‌లైన్ పరీక్షలకు కుదుర్చుకున్న సంస్థ విద్యార్థి చూపు ఎటు తిరిగిందో కెమెరాతో లెక్కగడుతూ ఉండవచ్చు. సెక్షన్ ఆఫీసరు తన సొంత ఫోనులోని ఉచిత యాప్‌తో సర్క్యులర్ల ముసాయిదా రాయించుకుంటూ ఉండవచ్చు. వీటిలో చాలావాటికి ఎవరూ అనుమతి అడిగి ఉండరు, ఎందుకంటే అడగవలసిన చోటు ఒకటి ఉందని ఎవరికీ తెలియదు.

రిజిస్టరులో ఒక్కో వాడకానికి ఒక్కో వరుస చాలు. ఉదాహరణకు: ‘ప్రవేశాల చాట్‌బాట్, ఫీజులు, తేదీలు, సీట్ల గురించి జవాబులిస్తుంది, విద్యార్థి ఫోను నంబరు, హాల్‌టికెట్ నంబరు తీసుకుంటుంది, ఆ వివరాలు సరఫరా సంస్థ సర్వరులో ఉంటాయి, అది తప్పు చెప్పినందువల్ల ఎవరికైనా గడువు దాటిపోతే పరిష్కరించవలసింది ప్రవేశాల సంచాలకులు.’ ఈ చివరి గడి అన్నిటికన్నా ముఖ్యం. అందులో ‘కమిటీ’ అనో ‘సంబంధిత విభాగం’ అనో రాస్తే ఒప్పుకోకండి, హోదా రాయించండి. ఆ గడి ఖాళీగా ఉన్న వాడకాన్ని అది నిండేదాకా ఆపివేయాలన్న ఒక్క నియమం పెట్టుకుంటే మీ విధానంలో సగం తయారైనట్టే.

ఇక కమిటీ సంగతి. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం కింద నడిచే సంస్థల్లో పాఠ్యాంశాలకు బోర్డ్ ఆఫ్ స్టడీస్, విద్యా ప్రమాణాలకు అకడమిక్ సెనేట్, డబ్బుకూ ఒప్పందాలకూ పాలకమండలి ఉన్నాయి. పరీక్షలకు నియంత్రణాధికారి ఉన్నారు. గ్రంథచౌర్యం విషయంలో విభాగ స్థాయిలో ఒకటి, సంస్థ స్థాయిలో ఒకటి చొప్పున విద్యా నిజాయితీ సంఘాలు ఉండాలని యూజీసీ 2018 నిబంధనలు ఇదివరకే చెప్పాయి. ఇన్ని ఉండగా, ఏఐ అన్న మాట వినపడిన ప్రతి ఫైలూ కొత్త కమిటీకే పంపితే అధికారం ఉన్నవారు చేతులు దులుపుకొంటారు, కమిటీకేమో అధికారం ఉండదు. రసాయనశాస్త్ర ప్రయోగశాల రికార్డులో ఏఐ సాయం ఎంతవరకు అనుమతించాలో రసాయనశాస్త్ర బోర్డే తేల్చాలి. తెలుగు శాఖలో కథా విమర్శ రాసే విద్యార్థికి అదే నియమం పనికిరాదు.

అందువల్ల కేంద్ర స్థాయిలో ఐదారుగురితో చిన్న విభాగం సరిపోతుంది. రిజిస్టరు నిర్వహణ, కొత్త సాధనాలను కొనేముందు పరీక్షించడం, బోధనా సిబ్బందితో పాటు కార్యాలయ సిబ్బందికి కూడా శిక్షణ, ఫిర్యాదుల స్వీకరణ, ప్రతి సెమిస్టరుకూ అకడమిక్ సెనేట్ ముందు నివేదిక దాని పనులు. అందులో ఒక విద్యార్థి, అనుబంధ కళాశాలల నుంచి ఒకరు ఉండాలి. కంప్యూటర్ సైన్సు ఆచార్యులే అధ్యక్షులు కావాలన్న ఆనవాయితీ అక్కర్లేదు. తగువులు సాధారణంగా అల్గారిదం దగ్గర కాక మార్కుల దగ్గర, డబ్బు దగ్గర, గడువుల దగ్గర వస్తాయి. ఆ విభాగానికి ఇవ్వవలసిన అసలు అధికారం ఒకటే: హాని కనపడిన రోజున ఏ సాధనాన్నయినా తాత్కాలికంగా నిలిపివేయగలగడం.

నిషేధం గురించి ఒక మాట. హాంకాంగ్ విశ్వవిద్యాలయం 2023 ఫిబ్రవరిలో చాట్‌జీపీటీ వాడకాన్ని తాత్కాలికంగా నిషేధించి, అదే ఏడాది కొత్త విద్యా సంవత్సరం నాటికి తానే ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ అందుబాటులోకి తెచ్చింది. బ్రిటన్‌లో పరిశోధనకు పేరుపడ్డ విశ్వవిద్యాలయాల కూటమి రస్సెల్ గ్రూపుకు చెందిన 24 సంస్థలు 2023 జులైలో ఉమ్మడిగా ఐదు సూత్రాలు మాత్రమే ప్రకటించి, వివరాలను ఆయా సంస్థలకూ విభాగాలకూ వదిలేశాయి. మీ కమిటీ కూడా పైస్థాయి పత్రాన్ని రెండు పుటల్లో ముగించగలిగితే మంచిది. నలభై పుటల విధానాన్ని ఆమోదించిన రోజున తప్ప తరువాత ఎవరూ తెరవరు.

ప్రశ్న: నా విద్యార్థిని సమర్పించిన ప్రాజెక్టు నివేదికలో 72 శాతం ఏఐ రాసిందని సాఫ్ట్‌వేరు చూపించింది. ఆ అమ్మాయి తానే రాశానని ఏడుస్తోంది. యూజీసీ నిబంధనల ప్రకారం 60 శాతం దాటితే చర్య తీసుకోవాలని మా విభాగాధిపతి అంటున్నారు. ఏం చేయాలి?
— సహాయ ఆచార్యురాలు, వరంగల్

మీ విభాగాధిపతి రెండు వేర్వేరు అంకెలను కలిపేస్తున్నారు. 2018 నిబంధనల్లోని 10, 40, 60 శాతాల హద్దులు ఇదివరకే ప్రచురితమైన రచనలతో ఎంత పోలిక ఉందన్నదానికి సంబంధించినవి. పోలిక చూపినప్పుడు పక్కన మూల రచన కనిపిస్తుంది. ఎవరైనా రెండింటినీ చదివి నిర్ధారించుకోవచ్చు. ఏఐ గుర్తింపు సాధనం చూపే శాతం వెనుక అలాంటి మూలమేదీ లేదు. వాక్యాల తీరును బట్టి అది చేసే ఊహ మాత్రమే. ఆ ఊహను 2018 నిబంధనల శిక్షలకు అతికించడానికి ఆధారం లేదు.

ఈ సాధనాల మీద నమ్మకం ఎంత ఉంచాలో వాటి చరిత్రే చెబుతుంది. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక గుర్తింపు సాధనం విడుదల చేసి, కచ్చితత్వం తక్కువగా ఉందని జులైలో ఉపసంహరించుకుంది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం అదే ఏడాది ఆగస్టులో ఇలాంటి సాధనాన్ని ఆపేస్తూ ఒక లెక్క చెప్పింది: ఏడాదికి తమ విద్యార్థులు 75,000 పత్రాలు సమర్పించారు, సాధనం నూటికి ఒక్కసారి మాత్రమే పొరబడుతుందనుకున్నా 750 పత్రాల మీద తప్పుడు నింద పడుతుంది. మనకు ఇంకా దగ్గరి విషయం స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో ఉంది. ఇంగ్లిషు మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లిషు ప్రావీణ్య పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు సాధనాలకు ఇస్తే సగటున 61 శాతం వ్యాసాలను అవి ఏఐ రాతగా తేల్చాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలను మాత్రం దాదాపు సరిగ్గానే గుర్తించాయి. పరిమితమైన పదాలతో, బడిలో నేర్చిన వాక్య నిర్మాణంతో జాగ్రత్తగా రాసే విద్యార్థి మీదే వాటికి అనుమానం ఎక్కువ. తెలుగు మాధ్యమంలో చదివి పీజీలో ఇంగ్లిషులో నివేదిక రాస్తున్న అమ్మాయి రాత ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఆ 72 శాతాన్ని ఫైలులో సాక్ష్యంగా పెట్టకండి. అమ్మాయిని కూర్చోబెట్టి మరొక అధ్యాపకుని సమక్షంలో ఇరవై నిమిషాలు మాట్లాడండి. నాలుగో పట్టికలోని అంకెలు ఎక్కడివి, ఈ పద్ధతినే ఎందుకు ఎంచుకున్నావు, ఈ పేరాలో చెప్పినదాన్ని తెలుగులో వివరించు అని అడగండి. పాత ముసాయిదాలు, క్షేత్ర పర్యటన నోట్సు, ఫైలు మార్పుల చరిత్ర చూపమనండి. పని చేసినవారు తడబడుతూనైనా చెప్పగలరు. చేయనివారి సంగతి మూడో ప్రశ్నకే తెలిసిపోతుంది, అప్పుడు మీరు రాసే నివేదికకు సాఫ్ట్‌వేరు సాయం అక్కర్లేదు. 2024లో హరియాణాలోని ఒక విశ్వవిద్యాలయపు న్యాయ విద్యార్థి జవాబుల్లో అధిక భాగం ఏఐ రాసిందంటూ అనుత్తీర్ణుడిగా ప్రకటిస్తే, అతడు హైకోర్టుకు వెళ్లాడు. కేసు నడుస్తుండగానే విశ్వవిద్యాలయం అతడిని ఉత్తీర్ణుడిగా ప్రకటించింది. సాధనం చెప్పిందన్న మాట న్యాయస్థానం మెట్ల దాకా తీసుకువెళ్లదగినది కాదని గ్రహించడానికి అది చాలు.

వచ్చే ఏడాదికి మీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో చర్చించవలసింది మరొకటి ఉంది. సిడ్నీ విశ్వవిద్యాలయం మూల్యాంకనాన్ని రెండు దారులుగా విడదీసింది: పర్యవేక్షణలో, ఎదుట కూర్చుని రాసే లేదా చెప్పే పరీక్షలు ఒకటి, ఏఐ వాడకాన్ని అంగీకరించి, ఎలా వాడారో చెప్పమనే పనులు రెండోది. ఇంటి దగ్గర రాసుకొచ్చే పనిలో ఏఐ వాడవద్దని చెప్పడమే తప్ప అమలు చేసే మార్గం లేదని ఒప్పుకున్న విధానం అది. నాకు అందులో నచ్చినది ఆ నిజాయితీ. మన దగ్గర మౌఖిక పరీక్ష అనే మంచి సంప్రదాయం ఉండి కూడా దాన్ని రెండు నిమిషాల తంతుగా మార్చుకున్నాము. ఇప్పుడు దానికి మళ్లీ మార్కులూ సమయమూ ఇవ్వవలసి ఉంటుంది, పరీక్షకుల భత్యం కూడా పెంచవలసి ఉంటుంది.

ప్రశ్న: అనుబంధ కళాశాలల నుంచి సెమిస్టరుకు లక్షల్లో జవాబుపత్రాలు వస్తాయి. దిద్దేవారు దొరకడం లేదు. ఏఐతో దిద్దించి చివరలో అధ్యాపకుడు ఒకసారి చూసి సంతకం పెడితే తప్పేమిటి?
— పరీక్షల విభాగం ఉద్యోగి, హైదరాబాద్

ఆ ‘ఒకసారి చూసి సంతకం’ దగ్గరే నాకు భయం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల్లో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చింది. తిరిగి చూస్తే ఆమె మార్కులు 99. దిద్దినవారు ఓఎంఆర్ పత్రంపై 99కి బదులు 00 గడులు నింపారు, సరిచూడవలసిన రెండోవారు కూడా పట్టుకోలేదు. అక్కడ ఏఐ లేదు. ఇద్దరు మనుషులు, ఒక యంత్రం ఉన్నారు. తొంభై తొమ్మిది మార్కుల జవాబుపత్రం సున్నా అయి వెబ్‌సైటు దాకా వెళ్లిపోయింది, మధ్యలో ‘ఇదేమిటి’ అని ఎవరూ ఆగలేదు. పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న ఆ వారాలను పరీక్షల విభాగంలో పనిచేసే ఎవరూ మరచిపోలేరు. మనిషి పర్యవేక్షణ ఉంటుందన్న వాక్యం విధాన పత్రంలో రాయడం తేలిక. రోజుకు వందల పత్రాలు ముందుకు వచ్చే మనిషికి యంత్రం వేసిన మార్కును కాదనే తీరిక, కారణం రాసే చోటు, కాదన్నందుకు సంజాయిషీ అడగని వాతావరణం కల్పించడం కష్టం.

రెండో అడ్డంకి చట్టం. తాను రాసిన జవాబుపత్రాన్ని చూసుకునే హక్కు అభ్యర్థికి సమాచార హక్కు చట్టం కింద ఉందని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ కేసులో తీర్పు ఇచ్చింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం కనుక మీకు రేపు దరఖాస్తు వస్తుంది. ఏడో ప్రశ్నకు పదికి నాలుగే ఎందుకు వచ్చాయని అడిగితే, ఏఐ మోడల్ అలా లెక్కగట్టిందని జవాబిస్తారా?

మూడోది, సగటున బాగా పనిచేసే లెక్క ఒక్కొక్కరి విషయంలో అన్యాయం చేయగలగడం. 2020లో కోవిడ్ వల్ల పరీక్షలు రద్దయినప్పుడు ఇంగ్లండ్‌లో పాఠశాల చదువు చివర రాసే ఏ-లెవెల్ పరీక్షల గ్రేడ్లను గణాంక సూత్రంతో సరిచేశారు. ఉపాధ్యాయులు అంచనా వేసిన గ్రేడ్లలో దాదాపు 40 శాతం తగ్గిపోయాయి. పాఠశాల పాత ఫలితాలకు ఆ సూత్రం పెద్ద పీట వేసింది. తరగతిలో విద్యార్థులు మరీ తక్కువగా ఉన్నచోట మాత్రం ఉపాధ్యాయుల అంచనానే నిలిపింది. దాంతో చిన్న తరగతులున్న ప్రైవేటు పాఠశాలలు లాభపడగా, పెద్ద ప్రభుత్వ పాఠశాలల్లోని తెలివైన పిల్లలు నష్టపోయారు. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, ఫలితాలు ప్రకటించిన నాలుగు రోజులకే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన ఏఐ చట్టం ప్రవేశాలను, మూల్యాంకనాన్ని, పరీక్షల్లో నిఘాను అధిక ప్రమాద వర్గంలో చేర్చడానికి ఇలాంటి అనుభవాలున్నాయని అనుకోవచ్చు. విద్యాసంస్థల్లో ముఖకవళికలను బట్టి భావోద్వేగాలను ఊహించే సాధనాలనైతే 2025 ఫిబ్రవరి నుంచి అక్కడ సాధారణంగా నిషేధించారు.

అయితే మీకు సాయం అసలు దొరకదని కాదు. మార్కులు వేయడానికి కాక తప్పులు పట్టడానికి వాడుకోండి. కూడిక తప్పినవి, దిద్దకుండా వదిలేసిన పుట ఉన్నవి, మిగిలిన సబ్జెక్టులన్నిటిలో ఎనభైలు వచ్చి ఒక్కదానిలో సున్నా వచ్చినవి వేరుచేసి రెండో అధ్యాపకునికి పంపితే చాలు. 2019 నాటి ఆ సున్నాను అంతమాత్రపు ఏర్పాటు కూడా ఆపగలిగేది.

ప్రశ్న: ఒక సంస్థ మా విశ్వవిద్యాలయానికి ఏడాది పాటు ఉచితంగా ఏఐ వేదిక ఇస్తామంటోంది. ఒప్పందంలో ఏమేం చూడాలి?
— ఆర్థిక విభాగం, రాయలసీమ

మొదట రెండో ఏడాది ధర చూడండి. తరువాత విద్యార్థులు టైపు చేసినదానిని మోడళ్ల శిక్షణకు వాడుకోబోమని రాతపూర్వకంగా ఉందా, డేటా ఏ దేశంలో ఉంటుంది, ఒప్పందం ముగిస్తే ఎన్ని రోజుల్లో చెరిపివేస్తారు, పొరపాటు జరిగితే ఎన్ని గంటల్లో మీకు చెబుతారు అన్నవి చూడండి. మిషిగన్ విశ్వవిద్యాలయం 2023 ఆగస్టులో తన సొంత వేదికను ఏర్పాటు చేసుకోవడానికి డేటా తమ అదుపులో ఉండాలన్నది ఒక ముఖ్య కారణం. కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థ 2025లో 23 ప్రాంగణాల్లోని 4.6 లక్షల మంది విద్యార్థులకు ఒకే ఒప్పందంతో చాట్‌జీపీటీ విద్యాసంస్థల వెర్షన్‌ను తీసుకుంది. అంతటి బేరమాడే శక్తి ఒంటరి విశ్వవిద్యాలయానికి ఉండదు కనుక రాష్ట్ర ఉన్నత విద్యామండలి ద్వారా ఉమ్మడిగా అడగడం మేలు.

మన దేశపు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలవుతున్నాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. అందులో విశ్వవిద్యాలయాలు గమనించని ఒక చిక్కు ఉంది. పద్దెనిమిదేళ్లు నిండనివారు ఆ చట్టం దృష్టిలో పిల్లలు, వారి డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. డిగ్రీ మొదటి సంవత్సరంలోనూ, బీటెక్‌లోనూ చేరేవారిలో పదిహేడేళ్లవారు ఎందరో! విద్యాసంస్థలకు కొంత మినహాయింపు ఉన్నా అది విద్యా కార్యకలాపాలకూ విద్యార్థుల భద్రతకూ పరిమితం. విద్యార్థి తీరును గమనించి వాణిజ్య సంస్థ తన ఉత్పత్తిని మెరుగుపరచుకోవడం అందులోకి వస్తుందని అనుకోవడానికి లేదు.

కార్యాలయంలోని ఫైళ్లను ఉచిత యాప్‌లలో పెట్టకూడదన్నది వెంటనే జారీ చేయదగిన సర్క్యులరు. కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2025 జనవరిలో తన కార్యాలయ కంప్యూటర్లలో ఇలాంటి సాధనాలు వాడవద్దని ఆదేశించింది. ప్రశ్నపత్రాలు, క్రమశిక్షణ చర్యలు, వైద్య సెలవుల కాగితాలు ఉండే చోట మీకూ ఆ జాగ్రత్త అవసరమే.

ప్రశ్న: తెలుగు మాధ్యమ విద్యార్థులకు ఈ విధానాల్లో చోటెక్కడ?
— దూరవిద్య విద్యార్థి, నల్లగొండ

ఇప్పటికి చాలా తక్కువ. ఈ సాధనాలు వాక్యాన్ని టోకెన్లనే ముక్కలుగా విడగొట్టి, వాటిని బట్టి ధర లెక్కగడతాయి. 2024 మేలో ఓపెన్‌ఏఐ కొత్త మోడల్‌ను విడుదల చేస్తూ ఇచ్చిన ఉదాహరణలో రెండు మూడు వాక్యాల తెలుగు పాఠం పాతపద్ధతిలో 159 టోకెన్లు పట్టేది, కొత్తదానిలో 45కు దిగింది. దానిని బట్టి అంతకుముందు తెలుగులో అడిగినవారు ఎంత ఎక్కువ మూల్యం చెల్లించారో ఊహించుకోవచ్చు. మీ విశ్వవిద్యాలయం ఏదైనా సాధనం కొనేముందు తెలుగు పాఠ్యపుస్తకంలోని ప్రశ్నలతో దాన్ని పరీక్షించి, తప్పుల పట్టికను టెండరు ఫైలులో పెట్టాలని కోరండి. ఇంగ్లిషులో ఇచ్చిన డెమో చూసి కొన్న వస్తువు మీ చేతికి వచ్చాక తెలుగులో తడబడితే నష్టపోయేది మీరే. డబ్బు పెట్టగలిగినవారికి మెరుగైన మోడల్, మిగిలినవారికి ఉచితమైనది అన్న తేడా తరగతిలో ఇప్పటికే ఉంది. ఏఐని అనుమతించే ప్రతి పనికీ అవసరమైన సాధనాన్ని గ్రంథాలయం కంప్యూటర్లలో అందరికీ అందుబాటులో ఉంచాలన్న షరతును అకడమిక్ సెనేట్ పెట్టవచ్చు.

ప్రశ్న: నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో ఇంగ్లిషు సరిదిద్దడానికి ఏఐ వాడాను. ఆ సంగతి రాస్తే పరీక్షకులు చిన్నచూపు చూస్తారేమో! రాయకపోతే ఏమవుతుంది?
— పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం

రాయండి. ప్రచురణ నైతికతను చూసే అంతర్జాతీయ సంఘం కోప్ 2023 ఫిబ్రవరిలోనే స్పష్టం చేసింది: ఏఐ సాధనం రచయిత కాలేదు, ఎందుకంటే రాసినదానికి అది బాధ్యత వహించలేదు, వాడితే ఎలా వాడారో వెల్లడించాలి. ముందుమాటలో కృతజ్ఞతల మధ్య దాచకుండా, పరిశోధన పద్ధతి అధ్యాయంలో ఏ సాధనం, ఏ నెలల్లో, ఏ అధ్యాయాలకు, ఏ పనికి వాడారో నాలుగు వాక్యాల్లో చెప్పండి. ఇంటర్వ్యూల పాఠాలను దానికి ఇచ్చి ఉంటే, మాట్లాడినవారి సమ్మతి అంతవరకు వర్తిస్తుందో లేదో మీ నైతికత కమిటీని అడగండి, అది భాష సరిదిద్దడం కన్నా పెద్ద విషయం. ఉదహరించిన రచనల జాబితాలోని ప్రతి పుస్తకాన్నీ, ప్రతి వ్యాసాన్నీ మీరే తెరిచి పుట సంఖ్యతో సరిచూసుకోండి. లేని వ్యాసాలను ఉన్నట్టుగా సృష్టించడం ఈ సాధనాలకు అలవాటు. మీ పర్యవేక్షకులకు ఈ సంగతి వైవా ముందురోజు కాక ఇప్పుడే చెప్పి, వారి అంగీకారాన్ని ఈమెయిల్‌లో తీసుకోండి.